పండు కారుకి కొత్త బ్రేకులు

ఆ ఇంట్లో పొద్దున్నే టీ కంటే ముందు కారు సంగతి మొదలవుతుంది. ఆ రోజూ అంతే. తండ్రి వాకిట్లో ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చక్రం సందుల్లోంచి లోపలికి టార్చి వేసి చూస్తున్నారు. కూతురు గుమ్మంలో నిలబడి, చేతిలో టీ చల్లారిపోతున్నా తాగకుండా, ఆయన నోట్లోంచి ఏ మాట వస్తుందా అని చూస్తోంది. లోపలి గదిలో తల్లి కుట్టుమిషను అప్పుడే గుయ్యిమంటోంది.

"నీలం తిరిగింది పండూ," అన్నారు తండ్రి, తల ఎత్తకుండానే. "బ్రేకు డిస్కు మీద మచ్చలు చూడు. మాడిపోయింది. మొన్న మొన్ననే కదా ప్యాడ్లు మార్పించాం!"

పండు తన కుడి పాదం వైపు ఓసారి చూసుకుంది. ఈ మధ్య ఆ పిల్ల ఊరికే అలా పాదం వైపు చూసుకుంటోంది.

తండ్రిది డ్రైవింగ్ స్కూలు. ఊళ్ళో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే. పక్క సీట్లో కూర్చుని "బ్రేక్, బ్రేక్, బ్రేక్!" అని వీధంతా వినబడేలా అరుస్తారు కాబట్టి బ్రేకు మాస్టారు అన్న పేరు స్థిరపడిపోయింది. పక్కవాడు తప్పు చేస్తాడని ముందే అనుకుని కాచుకుని కూర్చోవడమే ఆయన వృత్తి. ఆ పని చేసి చేసి మనిషి కూడా అలాగే తయారయ్యారు. పొయ్యి మీద పాలు పెట్టగానే పొంగుతాయని హాల్లోంచి కేకేస్తారు. ఎవరైనా మెట్లెక్కుతుంటే వెనక చేతులు చాచి నిలబడతారు. ఆయనతో కాపురం చేయడమంటే ఎప్పుడూ ఎవరో మన వెనకే నడుస్తున్నట్టు ఉంటుంది.

స్కూలుకి కొత్త కారు కొన్నాక పాతది పండుకి ఇచ్చారు. స్కూలు కారు కాబట్టి దానికి పక్క సీటు ముందు కూడా, నేర్పేవాళ్ళు తొక్కడానికి, ఒక బ్రేకు పెడలు ఉంది. తీయించేయాలి, తీయించేయాలి అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

పండు ఫిజియోథెరపిస్టు. పడిపోయిన కాళ్ళకి మళ్ళీ నడక నేర్పడం ఆమె ఉద్యోగం. కొండ మీది ఆసుపత్రిలో తాత్కాలికంగా చేరింది. పనితనం నచ్చి, వచ్చే సోమవారం నుంచి శాశ్వతంగా తీసుకుంటామన్నారు. వస్తారో రారో రేపు సాయంత్రంలోగా చెప్పమన్నారు. చేతిలోకి వచ్చిన అదృష్టమే, కానీ తెల్లవారుజామునే అక్కడ ఉండాలి. ఆ వేళకి కొండ మీదికి బస్సు లేదు. కారు నడిపితేనే ఉద్యోగం.

నడపడం రాదా అంటే వచ్చు. కానీ కొండ దిగేటప్పుడు దాదాపు ప్రతిసారీ మాడు వాసన వస్తోంది. స్టీరింగు చేతుల్లో వణుకుతోంది. ఒకరోజు వెనకే వచ్చిన అంబులెన్సు డ్రైవరు, "ఏమ్మా, దిగినంతసేపూ మీ బ్రేకు లైటు వెలుగుతూనే ఉంది. కాలు తీసి నడపండమ్మా," అని మంచిమాటగానే చెప్పాడు. ఆ మాట పండు గుండెలో ముల్లులా దిగిపోయింది. కాలు తీసే నడుపుతున్నానని ఆమె అనుకుంటోంది. మరి ఆ లైటు ఎందుకు వెలిగినట్టు? మర్నాటి నుంచి బూట్లు మానేసి, పలచటి చెప్పులు వేసుకుంది, పాదానికి పెడలు బాగా తెలుస్తుందని. అయినా వాసన రావడం మానలేదు.

"అలవాటయ్యేదాకా పక్కన వస్తాను," అని మొదట్లో అన్నారు మాస్టారు. ఆ అలవాటు ఆమెకి కాలేదు గానీ ఆయనకి అయింది. తెల్లారకముందే కూతురి పక్కన కూర్చుని కొండెక్కుతారు. పొద్దెక్కాక బస్సులో దిగి వచ్చి స్కూలు చూసుకుంటారు. మళ్ళీ సాయంత్రం బస్సులో కొండెక్కి, కూతురి పక్కన కూర్చుని దిగుతారు. ఏ తండ్రి చేస్తాడండీ అంత? అందుకే పండు కూడా ఒక్కమాట అనలేకపోయింది.

పండుకి రెండు రోజులు సెలవు. ఆ పొద్దున గ్యారేజీలో మెకానిక్ చక్రాలు విప్పి డిస్కు అంచు మీద వేలు పెట్టి చూపించాడు. "ఇంత మందం కంటే తగ్గకూడదని దీని మీదే అచ్చు వేసి ఉంటుంది మాస్టారూ. తగ్గిపోయింది. పైగా వంకరపోయింది. సాన పట్టడానికి కూడా లేదు. రెండు వైపులా డిస్కులు, ప్యాడ్లు కొత్తవి వెయ్యాల్సిందే. ఏ రకం కావాలో చూసుకుని తెచ్చుకోండి, రేపు బిగిస్తా."

"ఎందుకిలా అయింది?" మాస్టారు అడిగారు.

"ఎవరో బ్రేకు మీద కాలు ఆనించి ఉంచుతున్నారు. గట్టిగా కాదు, ఊరికే అలా. రోజంతా అదే పనిగా రాసుకుంటే ఇనుమైనా ఎంతకని ఆగుతుంది?"

మెకానిక్ పండు వైపు చూశాడు. మాస్టారూ చూశారు. పండు తల దించుకుంది. అంతటి మాస్టారి మీద అనుమానం ఎవరికి వస్తుంది?

మధ్యాహ్నం ముగ్గురూ స్కూలు కారులో విడిభాగాల షాపుకి వెళ్ళారు. పక్క వీధిలో దారపు రీళ్ళు కొనుక్కోవాలని తల్లి కూడా వచ్చింది. ఆ షాపు నడిపే ఆవిడ ఒకప్పుడు మాస్టారి శిష్యురాలు. ఆయన్ని చూడగానే కౌంటరు వెనకనుంచి లేచి నిలబడింది.

"రండి మాస్టారూ! బ్రేకులకే వచ్చుంటారు. మీరు ఇంకోదానికి వస్తే నేను నమ్మను."

"పరాచికాలకేం గానీ, నీ దగ్గర అన్నిటికంటే గట్టిగా పట్టే ప్యాడ్లు ఏవి?"

ఆవిడ పెట్టెలు ఒక్కొక్కటీ దించి మూతలు తీసింది. "ఇవి మెత్తరకం. చప్పుడు చెయ్యవు గానీ వేడెక్కితే పట్టు తగ్గుతుంది. కొండ రోడ్డుకి వద్దు. ఇవి సిరామిక్‌వి. దుమ్ము తక్కువ, నెమ్మదిగా అరుగుతాయి. ఇవి లోహం కలిపినవి. కాస్త కీచుమంటాయి గానీ వేడిని ఓర్చుకుంటాయి."

"అదేమిటి, ఆ ఎర్ర పెట్టె?"

"అవి పందేల కార్లకి మాస్టారూ! వేడెక్కితే గానీ పట్టుకోవవి. తెల్లవారుజామున చల్లటి చక్రం మీద మొదటి మలుపులోనే అమ్మాయి ప్రాణం మీదికొస్తుంది."

"డిస్కులు? చిల్లులు పెట్టినవి ఉంటాయట కదా, వేడి పోతుందట?"

"ఉన్నాయి. కానీ మీ కారుకి మామూలు డిస్కు చాలు. చిల్లులున్నవి అదేపనిగా వేడెక్కుతూ ఉంటే చిల్లుల దగ్గర బీటలు వారతాయి." ఆవిడ పండు వైపు తిరిగింది. "అసలు నడిపేది ఎవరు? నువ్వేగా? ఎలా నడుపుతావో చెప్పు, దాన్నిబట్టి ఇస్తా."

పండు నోరు తెరవబోయింది. మాస్టారు ఆగలేదు.

"దాన్ని అడుగుతావేంటి? దానికి బ్రేకు మీంచి కాలు తియ్యడం రాదు. ఎన్నిసార్లు చెప్పినా రాదు. అందుకే ఎంత నొక్కినా మాడనివి ఇవ్వమంటున్నాను."

షాపులో ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళూ తిరిగి చూశారు. పండు ముఖం కందగడ్డలా అయిపోయింది.

పరిస్థితి చూసి షాపావిడ మాట మార్చింది. "పోనిద్దురూ, మేం మాత్రం గొప్పగా నేర్చుకున్నామా? మీ దగ్గర నేర్చుకున్నన్నాళ్ళూ నేను బ్రేకు తొక్కిన గుర్తే లేదు. లైసెన్సు వచ్చాక మా ఆయన కారు తీస్తే తిన్నగా పండ్ల బండి మీదికి పోనిచ్చా. కారు దానంతటది ఆగదని అప్పుడు తెలిసింది నాకు!"

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. తల్లి ఒక్కతే నవ్వలేదు. ఆవిడ భర్త ముఖం చూడలేదు, కౌంటరు కింద ఆయన బూటు వైపు చూసింది.

"నాన్నా, ఏవీ కొనొద్దు," అంది పండు. "ఎర్రవీ వద్దు, చిల్లులవీ వద్దు. నాకు కారే వద్దు. ఆసుపత్రికి ఫోన్ చేసి రానని చెప్పేస్తాను."

"అదేంటే..."

"నిజమే కదా, నాకు రాదు. ఏ రోజు ఎవరి మీదికి పోనిస్తానో! నా కాలు నా మాటే వినడం లేదు. రోగుల కాళ్ళు పట్టుకుని నడిపించే మొహమా నాది?"

అని విసవిసా బయటికి వెళ్ళిపోయింది. షాపావిడ తెరిచిన పెట్టెలు తెరిచినట్టే ఉన్నాయి.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. కూతురి కళ్ళనీళ్ళు చూసి మాస్టారికి బాధేసింది. అదే క్షణంలో మనసులో ఎక్కడో ఓ మూల, హమ్మయ్య అనిపించింది. కొండ లేదు, మలుపులు లేవు, తెల్లవారుజాము చీకటి లేదు. పిల్ల ఇంటి దగ్గరే ఏదో చూసుకుంటుంది. అలా అనిపించినందుకు ఆయనకే సిగ్గేసి, గబగబా కారు తాళాలు వెతుక్కున్నారు.

ఇంటికి రాగానే పండు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మాస్టారు హాల్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, తలుపు దగ్గరికి వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తున్నారు.

"పోనీలే," అన్నారు చివరికి భార్యతో. "ఊళ్ళో ఆసుపత్రులు లేవా? జీతం కాస్త తక్కువైతే అయింది. ప్రాణం కంటే ఎక్కువా?"

తల్లి కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఊళ్ళోవాళ్ళ బట్టలకి మార్పులు చేసిపెట్టడం ఆవిడ పని. పొడుగైనవి మడవడం, బిగుతైనవి వదులు చేయడం. చేతిలో ఉన్న ప్యాంటు పక్కన పెట్టింది.

"ఏమండీ, మొన్న మీరు కళ్ళ పరీక్షకి వెళ్ళిన రోజున అది ఒక్కతే కొండ మీదికి వెళ్ళింది కదా?"

"ఆ, వెళ్ళింది. ఆ రోజు నా ప్రాణం నా దగ్గర లేదు."

"పండూ!" తల్లి కేకేసింది. "ఓసారి ఇలా రా. ఆ రోజు వాసన వచ్చిందా?"

పండు తలుపు తీసుకుని వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "రాలేదమ్మా. స్టీరింగు కూడా పెద్దగా వణకలేదు. కారు తేలిగ్గా పోయినట్టు అనిపించింది. ఆ రోజేదో అదృష్టం అనుకున్నా."

"అదృష్టమే," అన్నారు మాస్టారు. "రోడ్డు ఖాళీగా ఉండి ఉంటుంది."

తల్లి లేచి నిలబడింది. "మీరు ఇలా వచ్చి మిషను దగ్గర కూర్చోండి."

"నేనా? నాకు కుట్టడం ఏం వచ్చు?"

"కుట్టక్కర్లేదు. ఆ పెడలు మీద కుడికాలు ఊరికే ఆనించండి. తొక్కకండి సుమా."

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆ మామూలు గొంతు వెనక ఏముంటుందో మాస్టారికి తెలుసు. వచ్చి కూర్చున్నారు. ఆవిడ మోటారు స్విచ్చి వేసి, ఓ పాత దుప్పటి ముక్క సూది కింద పెట్టింది.

"కళ్ళు మూసుకోండి. పండూ, నువ్వు ఇక్కడ కూర్చుని, ఇప్పుడు కొండ దిగుతున్నట్టే దారి చెప్పు. ఎక్కడ ఏం చేస్తావో అన్నీ చెప్పు."

"ఏంటమ్మా ఈ పిచ్చి ఆట?"

"చెప్పమన్నానా?"

పండు నిట్టూర్చి కుర్చీ లాక్కుంది. "ఆసుపత్రి గేటు దాటాం. రెండో గేరులో ఉన్నాను. బ్రేకు మీంచి కాలు తీసేశాను. కారు దానంతటదే నెమ్మదిగా దిగుతోంది..."

మిషను సన్నగా గుయ్యిమంది.

"ఎడమ పక్క గోడ. ఇంకా దూరంగానే ఉంది. రోడ్డు ఖాళీ. నేనింకా బ్రేకు ముట్టుకోలేదు..."

గుయ్యిమంటూనే ఉంది. దుప్పటి ముక్క సూది కిందినుంచి నెమ్మదిగా జారిపోతోంది.

"మొదటి మలుపు. ఎదురుగా లారీ. ఇప్పుడు కొంచెం తొక్కాను..."

మిషను ఒక్కసారిగా రయ్యిమంది. మాస్టారి చెయ్యి గాల్లోకి లేచింది, పట్టుకోవడానికి ఏదో వెతుక్కుంటున్నట్టు.

"లారీ దాటిపోయింది. కాలు తీసేశాను. మళ్ళీ తిన్నని రోడ్డు..."

గుయ్యి ఆగలేదు.

"మీరిప్పుడు తొక్కుతున్నారా?" తల్లి అడిగింది.

"లేదే! నేనేం తొక్కడం లేదు," అన్నారు మాస్టారు కళ్ళు మూసుకునే.

"కళ్ళు తెరవండి."

తెరిచారు. ఎదురుగా దుప్పటి ముక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా కుట్టు పడి ఉంది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. అప్పటికీ మోటారు పాడుతూనే ఉంది. ఆయన కిందికి చూసుకున్నారు. కాలి మునివేళ్ళు పెడలుని అదిమి ఉన్నాయి. ఎవరిదో పరాయి కాలు చూసినట్టు చూశారు. తియ్యాలనుకుని కూడా ఆ కాలు తియ్యడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది.

తల్లి మోటారు స్విచ్చి ఆపేసింది.

"కాలు ఆనించినా చాలు, మోటారు తిరిగిపోతుంది," అంది తల్లి. "నా దగ్గరికి కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళందరికీ మొదట చెప్పేది అదే. పాపం, షాపావిడ ఏం చెప్పిందో విన్నారా? మీ పక్కన కూర్చున్నన్నాళ్ళూ ఆవిడ బ్రేకే తొక్కలేదట. పక్క సీటు పెడలు మీద కూడా మీ కాలు ఇలాగే ఉంటుందని అప్పుడు వెలిగింది నాకు. నిద్రలో కూడా మీరు నా పిక్కల మీద బ్రేకు తొక్కుతారు. ఇన్నేళ్ళుగా ఆ సంగతి నేనెవరికి చెప్పుకోను?"

ఇంకో సందర్భంలో అయితే ఆ మాటకి ముగ్గురూ పడీ పడీ నవ్వేవాళ్ళు. పండు లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది.

"అంటే ఇన్నాళ్ళూ నా కాలు కాదా?"

మాస్టారు తన కాలి వైపే చూస్తున్నారు.

"నేను బూట్లు మానేశాను నాన్నా. గదిలో కుర్చీ వేసుకుని కాలు ఎత్తడం, దించడం సాధన చేశాను. మా ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళ చేత చేయిస్తాం చూడు, అలా. నా నరాల్లో ఏదైనా లోపముందేమోనని మా డాక్టరు చేత పరీక్ష కూడా చేయించుకున్నాను. ఇంట్లో చెబితే భయపడతారని చెప్పలేదు."

"భయంతోనే పెట్టానమ్మా కాలు. నాకు తెలియకుండానే..."

"భయం నీది నాన్నా. నింద నాది."

ఆ మాట అన్నది పండేనా అని తల్లి కూడా ఉలిక్కిపడింది. ఎన్నడూ ఎదురు మాట్లాడని పిల్ల. అనేసి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. దగ్గరికి వెళ్దామని మాస్టారు లేవబోయారు. భార్య చెయ్యి అడ్డం పెట్టింది, కాసేపు దాన్ని ఏడవనివ్వండి అన్నట్టు. తన బిడ్డ ఏడుస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయనకి ఎంత కష్టమో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. ఆయన కూర్చునే ఉన్నారు. కళ్ళ నుంచి నీళ్ళు కారి చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు.

తన జీవితంలో ఎంతమందిని అనవసరంగా భయపడేలా చేశానో అనుకున్నారు. ఎంతమంది కాళ్ళ మీద వాళ్ళకే నమ్మకం పోగొట్టానో! వాళ్ళ సంగతి సరే, లైసెన్సు తీసుకుని వెళ్ళిపోయారు. ఈ పిల్ల ఎక్కడికి పోతుంది?

మర్నాడు పొద్దున పండు టీ తాగుతుంటే మాస్టారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. రాత్రంతా నిద్రలేనట్టు ముఖం పీక్కుపోయి ఉంది.

"షాపుకి వెళ్దామా? ఏవి కావాలో నువ్వే చెప్పు. నేను మాట్లాడను."

పండు ఆయన వైపు చూడలేదు. కానీ కప్పు దించి చెప్పులు వేసుకుంది.

మాస్టారు మాట నిలబెట్టుకున్నారు. షాపు లోపలికే వెళ్ళలేదు. బయట అరుగు మీద నిలబడి, అద్దంలోంచి కూతురు చేతులు తిప్పుతూ మాట్లాడుతుంటే చూశారు. లోపల షాపావిడ అడుగుతోంది, పండు చెబుతోంది. పొద్దున్నే చలిలో ఎక్కుతాను. దిగేటప్పుడు రెండో గేరులో దిగుతాను. మలుపులకి మాత్రమే బ్రేకు వాడతాను. వానాకాలం రోడ్డు తడిగా ఉంటుంది. పక్కన ఎవరూ ఉండరు.

"అయితే మామూలు డిస్కులు, లోహం కలిపిన ప్యాడ్లు. కళ్ళు మూసుకుని తీసుకో," అంది షాపావిడ. తర్వాత గొంతు తగ్గించి, "మాస్టారు ఒప్పుకున్నారా?" అంది.

"నడిపేది నేను కదండీ," అంది పండు.

తల్లి కూడా గ్యారేజీకి వచ్చింది. అక్కడ మెకానిక్ కొత్త డిస్కుల మీది నూనె శుభ్రంగా తుడిచి, రెండు వైపులా బిగించాడు. పని అయిపోవచ్చింది అనుకుంటుండగా మాస్టారు దగ్గరికి వెళ్ళి, "పక్క సీటు ముందు పెడలు కూడా తీసెయ్," అన్నారు. మెకానిక్ ఆశ్చర్యంగా చూశాడు. "నిన్న నువ్వన్న కాలు నాదే. అమ్మాయిది కాదు," అన్నారు మాస్టారు, అందరికీ వినబడేలాగే. పక్కన పని చేసుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు. ఆయన తల దించుకోలేదు.

పెడలు ఊడదీసి, దాన్ని డ్రైవరు పెడలుకి కలిపే కడ్డీ కూడా తీసేశాక మెకానిక్ పండుని పిలిచాడు. "కొత్త ప్యాడ్లు డిస్కుతో సర్దుకోవాలమ్మా. ఖాళీ రోడ్డు మీద వేగం అందుకోవడం, మెల్లగా తగ్గించడం, మళ్ళీ కాస్త చల్లారనివ్వడం. అలా కొన్నిసార్లు చెయ్యి. వేడిగా ఉన్నప్పుడు మాత్రం నొక్కిపట్టి ఉంచకు, మచ్చ పడుతుంది."

మాస్టారు తాళాలు చేతికిచ్చారు. పండు ఒక్క క్షణం ఆగింది.

"రావా?" అంది.

ఆ ఒక్క మాటకి ఆయన కాళ్ళు కదలబోయాయి. భార్య వైపు చూశారు.

"రాను," అన్నారు. "నువ్వు వెళ్ళు."

కారు వీధి మలుపు తిరిగి కనబడకుండా పోయింది. మెకానిక్ చెప్పిన పని ఎంతసేపట్లో అవుతుందో మాస్టారికి బాగా తెలుసు. ఆ సమయం దాటింది. మరి కాసేపు గడిచింది. ఆయన గ్యారేజీ ముందు అటూ ఇటూ పచార్లు చేస్తున్నారు. ఫోను తీశారు, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఎక్కడో హారన్ మోగితే రోడ్డు మీదికి వచ్చి చూశారు. ఎవరో గట్టిగా బ్రేకు వేసిన చప్పుడుకి ఆయన పరిగెత్తబోయి ఆగిపోయారు.

"ఫోన్ చెయ్యనా?" అన్నారు భార్యతో, చిన్నపిల్లాడిలా.

"నడుపుతుంటే ఎలా ఎత్తుతుంది?"

"పోనీ నువ్వు చెయ్యి."

"నేను చేస్తే మాత్రం ఎత్తుతుందా? కూర్చోండి."

కూర్చోలేకపోయారు. ప్యాడ్లు సరిగ్గా బిగించాడా, నూనె చుక్క ఏమైనా మిగిలిందా, అంటూ మెకానిక్ ప్రాణం తీశారు. చివరికి ఆ మెకానిక్కే కుర్చీ తెచ్చి ఆయన భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు. ఈసారి మాస్టారు లేవలేదు. అరచేతుల మధ్య తల పట్టుకుని, రోడ్డు వైపు చూడకుండా కూర్చుండిపోయారు.

ఎండ తగ్గాక కారు వచ్చి ఆగింది.

"ఎక్కడికి వెళ్ళావే?" మాస్టారు కుర్చీ తన్నేసి లేచారు. "ఇంతసేపా?"

"కొండ మీదికి."

"కొత్త ప్యాడ్లతో కొండా! ఎవరు చెప్పారు నిన్ను..." అని, మిగతా మాటలు మింగేశారు.

"మెకానిక్ చెప్పినవన్నీ కింద రోడ్డు మీద చేశాను నాన్నా. ఏ వాసనా రాలేదు. ఇంక అక్కడి నుంచి కొండ దగ్గరే కదా అనిపించింది. ఆసుపత్రికి వెళ్ళి సోమవారం నుంచి వస్తున్నానని చెప్పేశాను."

తల్లి కళ్ళు మెరిశాయి. మాస్టారు కూతురి ముఖంలోకి చూశారు.

"దిగేటప్పుడు ఎలా ఉంది?"

పండు చేతిలో తాళాలు అటూ ఇటూ తిప్పింది.

"భయమేసింది నాన్నా. చాలా భయమేసింది. మొదటి మలుపులో పక్క సీటు వైపు చూశాను, నువ్వు లేవు. ఆ రోజు అదృష్టం కొద్దీ ఆగింది, ఈసారి ఆగదేమో అనుకున్నా." ఆమె తాళాలు గుప్పిట్లో బిగించింది. "అప్పుడు నేనే బ్రేకు తొక్కాను. తగ్గింది. కాలు తీశాను. మళ్ళీ మామూలుగా పోయింది. అంతే నాన్నా, అంత చిన్న విషయం. నేను తొక్కితే కూడా ఆగుతుంది."

గ్యారేజీలో అందరూ ఉన్నారన్న ధ్యాస లేదు మాస్టారికి. రెండు చేతులతో కూతురి తల పట్టుకున్నారు.

"నువ్వు బాగా నడుపుతావు పండూ. ఈ రోజే కాదు తల్లీ, మొదట్నించీ బాగానే నడుపుతున్నావు. నేనే చూడలేదు."

పండు ఆయన చొక్కాలో ముఖం దాచుకుంది. కాసేపటికి అక్కడి నుంచే, ఏడుపుకీ నవ్వుకీ మధ్య గొంతుతో, "ఇంకోసారి చెప్పు నాన్నా," అంది.

మాస్టారు మళ్ళీ చెప్పారు.